సీలు వెనక చప్పుడు

పదిహేనేళ్ళుగా ఆయన మనసులో ఒక అనుమానం ముల్లులా దిగబడి ఉంది. ఆ రోజు ఆ తలుపు వెనక నిజంగానే చప్పుడైందా, లేక తన చెవులే తనను మోసం చేశాయా?

అప్పటికి ఆయన డిటెక్టివ్ కాదు. ఆహార శాఖలో అందరికంటే చిన్న ఉద్యోగి. దుకాణాలకు సీళ్ళు వేసే జట్టు వెంట తిరుగుతూ, స్పిరిట్ దీపం మీద లక్క కరిగించి, తాళం మీద పోసి, ముద్ర నొక్కడమే ఆయన పని. ప్రభుత్వం మారిన వారంలో ఒక రొట్టెల దుకాణానికి సీలు వేశారు. లక్క ఇంకా ఆరనైనా లేదు, లోపల్నుంచి ‘టక్’మని వినబడింది. కాసేపాగి ఇంకోసారి. దుకాణం యజమానురాలు ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

“ఒక్కసారి లోపలికెళ్ళి చూసి రా బాబూ, నీకు పుణ్యముంటుంది.”

“తర్వాత చూస్తానమ్మా,” అన్నాడు.

‘లోపలంతా చూశాం, మనుషులెవరూ లేరు’ అని రాసిన కాగితం పై అధికారి చాపితే, దాని మీద సంతకం పెట్టేశాడు. ఎనిమిది రోజుల తర్వాత ఆ సీలు తియ్యడానికి వేరే జట్టు వెళ్ళింది. లోపల ఏముందని వాళ్ళను అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. మూడు నెలలు తిరక్కుండా ఉద్యోగం మానేశాడు. అయినా ఆ ప్రాంతంలో ఆయన్ని ఇప్పటికీ ‘లక్కాయన’ అనే పిలుస్తారు.

దేవుడు అన్నీ చూస్తాడంటారు. లక్కాయన రోజూ పొద్దున్నే దీపం ముందు కూర్చుని అదే అడుగుతాడు. చూడకుండానే చూశానని రాసినవాణ్ణి నువ్వు ఏ కంటితో చూస్తావు స్వామీ? ఇంతవరకూ జవాబు రాలేదు. ఈ గురువారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి మాత్రం ఆయన మళ్ళీ అదే దుకాణం ముందు నిలబడ్డాడు.

సోమవారం కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. మంగళవారం పొద్దున ఆదేశం వచ్చింది. పాతవాళ్ళు చివరి రెండేళ్ళలో ఇచ్చిన, పొడిగించిన తిండి, పానీయాల లైసెన్సులన్నీ మళ్ళీ పరిశీలించాలి, అందాకా అన్నీ మూత. జ్యూసులవాడు రాత్రికి రాత్రే గోడకు కొత్త రంగు కొట్టించి, అది ఆరకముందే సీలు వేయించుకున్నాడు. టీ కొట్టాయన పాత నాయకుడి ఫోటో తీసి కొత్త నాయకుడిది తగిలించాడు. “మేకు మాత్రం పాతదేగా,” అన్నారట వచ్చినవాళ్ళు. ఇక ఈ రొట్టెల దుకాణం నేరం చెప్పనక్కర్లేదు. బడిపిల్లలకు పంపే రొట్టెల కాగితాల మీద పాత నాయకుడి నవ్వుముఖం ఉంది.

అయితే లక్కాయన్ని పిలిపించింది లైసెన్సు కోసం కాదు. మంగళవారం నుంచి ఆ దుకాణం యజమానురాలి కొడుకు కనబడటం లేదు.

“మళ్ళీ మొదట్నుంచి చెప్పమ్మా,” అన్నాడు లక్కాయన, తనకు కబురు పెట్టి పక్కనే నిలబడ్డ యజమానురాలి కోడలితో. “గంటలు మాత్రం తప్పు చెప్పొద్దు.”

“సోమవారం రాత్రి పదింటికి పనిలోకి వెళ్ళారండీ. అయిదింటికల్లా పిండి పని అయిపోతుంది. ఏడున్నరకి వ్యాను లోడవుతుంది. ఎనిమిదికి పనివాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళిపోతారు. లైసెన్సుల మీద పడతారని అప్పటికే వీధంతా అనుకుంటున్నారు కదా, ఈయన ఫైలు పట్టుకుని తిన్నగా లైసెన్సు ఆఫీసుకి పోయి లైన్లో నిలబడతానన్నారు.”

“మామూలు రోజుల్లో అయితే?”

“బట్టీ పైన అటక ఉందిగా, వెచ్చగా ఉంటుందని అక్కడే పన్నెండు దాకా పడుకుంటారు. పన్నెండుకి నేనొచ్చి షట్టర్ ఎత్తి లేపుతా. మంగళవారం నేనొచ్చేసరికి సీలు వేసేసి ఉంది.”

“లైసెన్సు ఆఫీసులో టోకెన్ల పుస్తకం చూసొచ్చాను. మంగళవారం మీ ఆయన అసలు అక్కడికి వెళ్ళలేదు.”

“పోలీసులేమో పారిపోయాడంటున్నారు. పాత ప్రభుత్వం పిండి అమ్ముకుని ఊరు దాటాడట. ఆయనకి వీధి చివర దాటితేనే దారి తెలీదండీ!”

“ఫోను?”

“ఇంట్లోనే. పిండిలో పడుతుందని బట్టీ దగ్గరికి ఎప్పుడూ తీసుకెళ్ళరు.”

ఊరు దాటి పారిపోయేవాడు ఇంటికెళ్ళి ఫోను తీసుకోడా? ఆ ప్రశ్న జేబులో వేసుకుని లక్కాయన సీలుకు పెట్టిన కాపలావాడి దగ్గరికి నడిచాడు. అతను షట్టర్ ముందు ఇనప కుర్చీలో కూర్చుని, ముంచుకొచ్చే నిద్రని కాసేపాగమని బతిమాలుకుంటున్నాడు.

“దగ్గరికి రావద్దండీ. ఇరవై అడుగుల దూరంలో ఉండాలి.”

“షట్టర్ని ముట్టుకోనులే. అంటించిన కాగితం చదవచ్చా?”

“చదవండి. చదవడానికేగా అంటించింది.”

‘జాబితాలో దుకాణం నంబరు: 1. సమయం: ఉదయం 11.20. లోపలంతా చూడడమైనది. మనుషులెవరూ లేరు.’ పదిహేనేళ్ళయినా మాట మారలేదు, అచ్చు మాత్రమే మారింది. కింద బయట దొరికిన వస్తువుల జాబితా. ఖాళీ డబ్బాలు పన్నెండు. చీపురు ఒకటి. వెనక తలుపు మెట్టు మీద చెప్పులు ఒక జత.

ఆ చివరి వరుస దగ్గర లక్కాయన చూపు ఆగిపోయింది.

“అమ్మాయీ, మీ ఆయన చెప్పులెలా ఉంటాయి?”

“నల్ల రబ్బరువి, ఎడం దానికి పట్టీ తెగితే నేనే తెల్లదారంతో కుట్టాను. లోపలికి ఎవరూ చెప్పులతో పోరండీ, మెట్టు మీదే విడుస్తారు. మా అత్తగారు ఊరుకోరు.”

జాబితాలో పక్కన బ్రాకెట్లో చిన్న అక్షరాలతో రాసి ఉంది: ‘నల్లవి, తెల్లదారం కుట్టు’. రాసినవాడు బుద్ధిమంతుడే. తలుపు బయటున్న చెప్పుల కుట్టు రంగు కూడా చూసి రాశాడు. ఆ చెప్పుల తాలూకు కాళ్ళు ఎక్కడున్నాయని మాత్రం చూడలేదు.

లక్కాయన కాగితం మీదినుంచి చూపు తిప్పుకున్నాడు. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. ఈ కోడలి ముందు ఇప్పుడే నోరు జారితే ఆమె షట్టర్ మీద పడి తల బాదుకుంటుంది.

“లోపల్నుంచి చప్పుళ్ళేమన్నా వస్తున్నాయా?” అని కాపలావాణ్ణి మామూలుగా అడిగాడు.

“ఆ, వస్తుంటాయండీ. పిండి.”

“పిండా?”

“పులిసే పిండి ఉంటుందిగదండీ తొట్లో. అది పొంగి రేకు మూతని లేపుతుంది, మూత మళ్ళీ పడుతుంది, టక్ మని. ఆఫీసర్ గారు చెప్పారు. రొట్టెల దుకాణాలకి సీలేస్తే ఎక్కడైనా ఇంతేనట. నేను మొదట్లో దెయ్యమనుకుని జడుసుకున్నా.”

పదిహేనేళ్ళ ముల్లు ఒక్కసారిగా కదిలింది. అయితే ఆ రోజు తాను విన్నది మూత చప్పుడా? ఆ యజమానురాలు చూసి రమ్మని బతిమాలింది పిండి గురించా? ఊరట కలగాల్సిన చోట లక్కాయనకి ఇంకో అనుమానం మొలిచింది. అప్పుడు పిండే కావచ్చు. మరి ఇప్పుడు?

“ఆఫీసర్ గారు మంచివారే అయితే. ఇవన్నీ విడమర్చి చెప్పారు.”

“మంచివారా! దేవుడండీ. రెండ్రోజులుగా తెల్లారకుండానే వచ్చి, నేను కూర్చుంటా నువ్వెళ్ళి టీ తాగిరా అని పంపిస్తున్నారు. ఏ ఆఫీసరు చేస్తాడండీ అలా?”

“టీ ఎక్కడ? కొట్లన్నీ మూతేగా.”

“అదే కష్టం. రైలు స్టేషను లోపల ఒక్కటి తెరిచుంది. పోను ఇరవై, రాను ఇరవై నిమిషాలు.”

“నలభై నిమిషాలు,” అన్నాడు లక్కాయన నెమ్మదిగా. టీ కొట్లన్నిటికీ తన చేత్తోనే సీళ్ళు వేయించినవాడికి టీ కోసం ఎంత దూరం పోవాలో తెలియదా?

వెనక సందులోకి వెళ్ళాడు. మనిషి భుజాలు రెండు గోడలకూ రాసుకునేంత ఇరుకు. వెనక తలుపు ఉక్కుది, దాని మీదా సీలు. చెప్పులు లేవు, వాటిని సంచీలో వేసి ఆఫీసుకి పట్టుకుపోయారు. తలకంటే ఎత్తున, అరచేతి వెడల్పున ఒక గాలికన్నం. అందులోంచి పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ గొట్టం మూడు వేళ్ళంత బయటికి వేలాడుతోంది. కింద గోడ మీద తడి చార. పాదాల దగ్గర బిస్కెట్ల పొడి, చీమలు వరసకట్టి ఉన్నాయి.

ఆయన గోడకి చెవి ఆనించాడు. రాయి తప్ప ఏమీ పలకలేదు. వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. జవాబు లేదు. సందు ఇంకా ఇరుకైనట్టనిపించింది.

ముందువైపు జీపు ఆగిన చప్పుడైంది. గడియారంలో రెండూ యాభై.

సీలు ఆఫీసరు దిగాడు. ఇస్త్రీ చొక్కా, గుబురు కనుబొమలు, నిద్రలేని కళ్ళు. అతని వెనక ఇద్దరు మనుషులు, ముఖాలకు గుడ్డలు, ఇద్దరి మధ్యా పసుపురంగు సిలిండరు.

“ఎవరూ? లక్కాయనా?” ఆఫీసరు నవ్వాడు, కళ్ళు నవ్వలేదు. “లక్క కాచుకునేవాడివి డిటెక్టివ్ అయ్యావని విన్నాలే. ఈ లక్క వాసనకి వచ్చావా?”

“పాత అలవాటు సార్. సీలు ఎక్కడ కనబడ్డా సరిగ్గా పడిందో లేదో చూడబుద్ధేస్తుంది. ఆ సిలిండరేంటి?”

“ఎలుకల మందు పొగ. సీలేసిన చోటల్లా కొట్టాలని నిన్న ఆదేశం వచ్చింది. లోపల ఉంటున్న చీమా, దోమా, ఎలకా, ఏదీ మిగలకూడదట. ఇక్కడ నాలుగింటికి.”

“ఇక్కడ నాలుగింటికా? జాబితాలో మొదటి దుకాణం ఇదేగా. నిన్ననే కొట్టాల్సింది కదా?”

ఆఫీసరు కనుబొమలు ఒక్క క్షణం దగ్గరయ్యాయి. “వరస మార్చాను. నా ఇష్టం.”

“ఎందుకు మార్చారు?”

“నీకు లెక్క చెప్పాలా? ఇక్కణ్ణుంచి పో. సర్కారు పనికి అడ్డు తగులుతున్నావని రాయాల్సొస్తుంది.”

“రాయండి. మీరు రాసేవన్నీ వివరంగా ఉంటాయి. చెప్పుల కుట్టు రంగు కూడా వదలరు.”

సరిగ్గా అప్పుడే, షట్టరు వెనకనుంచి వినబడింది.

టక్. టక్. టక్.

మందు కొట్టేవాళ్ళిద్దరూ సిలిండరు కింద పెట్టేశారు.

“పిండి,” అన్నాడు ఆఫీసరు. “పిండి పొంగుతోంది. చెప్పాగా అందరికీ.”

“ఏ పిండి నాయనా?”

ఆ మాట వెనకనుంచి వచ్చింది. దుకాణం యజమానురాలు, డెబ్భై దాటిన రొట్టెలమ్మ, కోడలు కబురు పెడితే వచ్చి, చంకలో గుడ్డ కట్టిన మట్టికుండతో నిలబడి ఉంది. ఆ కుండని ఆమె పసిపిల్లలా ఎత్తుకుంది.

“అమ్మా,” అన్నాడు లక్కాయన, “మీ తొట్లో పిండి ఉందా లోపల?”

“సోమవారం సాయంత్రం ప్రమాణాలు అవగానే వీధి మొహం చూశాను. మంగళవారం పొద్దున పని కాగానే తొట్లు ఊడ్చి కడిగించేశాను. ఒక్క చిటికెడు లేదు. రోజూ కొత్త పిండిని పులియబెట్టే తల్లిపిండి ఇదిగో, నా దగ్గరే ఉంది.” కుండని తట్టింది. “ఒకసారి ప్రభుత్వం మారినప్పుడు సీలేసి ఎనిమిది రోజులు ఎండబెట్టి చంపారు కదూ, నలభై ఏళ్ళుగా పెంచుకొచ్చిన పిండిని. మళ్ళీ చంపనిస్తానా? అప్పుడు ఎవరో కుర్రవాణ్ణి బతిమాలాను, మూత లేపుకుంటోంది, ఒక్కసారి చూసి తడిగుడ్డ కప్పి రా బాబూ అని.”

లక్కాయన తల వంచుకున్నాడు. ఆమె ఆయన్ని గుర్తుపట్టిందో లేదో తెలియలేదు.

“సార్,” అన్నాడు ఆఫీసరు వైపు తిరిగి, గొంతు తగ్గించి. “పిండి ఒక్కో దెబ్బే కొడుతుంది. అదీ ఒక పూట పొంగి అణిగిపోతుంది. రెండ్రోజులు కొట్టదు. మూడేసి దెబ్బలు లెక్కపెట్టి అసలే కొట్టదు.”

కోడలికి అర్థమైంది. చేతులు షట్టరు వైపు చాచి ముందుకు తూలింది. రొట్టెలమ్మ ఒక చేత్తో కుండనీ, రెండో చేత్తో కోడల్నీ పట్టుకుంది.

“ఒకటో నంబరు దుకాణాన్ని చివరికి తోశారు. పొద్దున్నే కాపలావాణ్ణి నలభై నిమిషాల టీకి పంపారు. వెనక కన్నంలో గొట్టం పెట్టి నీళ్ళు పోశారు, బిస్కెట్లు తోశారు.” లక్కాయన ఇంకా దగ్గరికి జరిగాడు. “మీకు బుధవారం నుంచే తెలుసు.”

ఆఫీసరు జీపుకి ఆనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా లోపల మనిషి ఒక్కసారి చిన్నవాడైపోయినట్టు కనబడ్డాడు.

“షట్టరు దించి ఉంది,” అన్నాడు. “వెనక తలుపు దగ్గరికి వేసి ఉంది. పిలిచాను, ఎవరూ పలకలేదు. ఇంకా ముప్ఫై రెండు దుకాణాలున్నాయి ఆ రోజు. చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాడని నాకేం తెలుసు? బయట ఊరేగింపుల మైకులు, అతను ఒక్క గంట నడుం వాల్చి లైసెన్సుకి పోదామనుకున్నాట్ట. మర్నాడు కన్నంలోంచి చెప్పాడు. ఆ మైకుల హోరులో ఎవరికీ వినబడక, అరిచి అరిచి గొంతు పోయింది అతనికి.”

“అప్పుడే తెరవొచ్చుగా!”

“ఏమని తెరవను? ‘లోపలంతా చూశాం’ అని నా సంతకం ఉంది. పాతవాళ్ళ కాలంలో పైకొచ్చినవాణ్ణి. కొత్తవాళ్ళు వచ్చి మూడో రోజు. తప్పుడు రిపోర్టు ఒక్కటి దొరికితే చాలు, నన్ను ఇంటికి పంపేస్తారు. శనివారం పరిశీలన అవుతుంది, అప్పుడు అందరి ముందూ తెరిస్తే ఎలాగో సర్దుకోవచ్చనుకున్నాను. నిన్న ఈ పొగ ఆదేశం పడింది. ఆపమంటే కారణం రాయమంటారు.”

“నాలుగింటికి ఏం చేద్దామనుకున్నారు?”

ఆఫీసరు సిలిండరు వైపు చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. మూడూ ఏడు.

“తెలీదు,” అన్నాడు. “నిజంగా తెలీదు లక్కాయనా.”

ఆఫీసరు దుష్టుడై ఉంటే లక్కాయనకి సుఖంగా ఉండేది, అసహ్యించుకోవచ్చు. ఎదురుగా ఉన్నవాడు మాత్రం, లోపలున్నవాడి లాగే, తలుపు దొరకని మనిషి. పదిహేనేళ్ళ కిందట తాను పెట్టిన సంతకం ఒక పిండిముద్దనే చంపింది. అది తన గొప్పతనం కాదు, ఆ రోజు అటక మీద ఎవరూ పడుకోకపోవడం దేవుడి దయ. అంతే తేడా.

ఆఫీసరు జేబులో ఫోను మోగింది. పేరు చూశాడు. “పైవాళ్ళు. పొగ కొట్టారా అని.”

“ఎత్తకండి. తాళంచెవి ఇవ్వండి.”

“సీలు మీద చెయ్యేస్తే రెండేళ్ళు జైలు. నీకు తెలీదా?”

“ఆ మాట అచ్చేసిన కాగితాలు నేనే అంటించేవాణ్ణి. చూడండి సార్, సీలు నేను పగలగొడతాను. తాళం నేను తీస్తాను. నేరం నాది. మీరు నన్ను పట్టుకున్నట్టు రాసుకోండి. కానీ ఈసారి లోపలికొచ్చి చూసి రాయండి.”

ఫోను మోగి మోగి ఆగింది. ఆఫీసరు చెయ్యి జేబులోకి వెళ్ళింది, చాలాసేపు బయటికి రాలేదు. చివరికి తాళంచెవి లక్కాయన అరచేతిలో పడింది. అది చెమటతో తడిసి ఉంది.

లక్కాయన సందులోకి నడిచాడు. వెనక తలుపు మీద లక్క ఎర్రగా, గట్టిగా మెరుస్తోంది. మంచి లక్క, సరైన వేడిలో పోశారు. ఎన్ని వందల సీళ్ళు నొక్కాడో తాను, ఒక్కటీ ఎన్నడూ పగలగొట్టలేదు. బొటనవేలి గోరు దాని అంచు కింద దూర్చి లాగాడు. గోరు చిట్లింది. ముద్ర రెండు ముక్కలై మెట్టు మీద, చెప్పులుండాల్సిన చోట, పడింది.

లోపల చీకటి, పాత బూడిద వాసన. బట్టీ చల్లగా ఉంది. ఈసారి తొందరపడలేదు. తొట్లు చూశాడు, ఖాళీ. పిండి బస్తాల వెనక చూశాడు. ఇటుక మెట్లెక్కి అటక మీదికి తల ఎత్తి చూశాడు.

చాప మీద మనిషి గోడకి జారగిలపడి ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి, కనురెప్పల మీద పిండి. ఒళ్ళో లైసెన్సు ఫైలు. కుడిచేతిలో పిండి గీకే రేకు, దాంతోనే నీళ్ళ పైపుని కొడుతున్నాడు. లక్కాయన్ని చూసి కూడా చెయ్యి ఆగలేదు, ఇంకో మూడు దెబ్బలు కొట్టింది. తర్వాత రేకు జారి పడింది.

“వచ్చావా,” అన్నాడు గాలిలాంటి గొంతుతో, ఎవరనుకున్నాడో. “నీళ్ళు పోసినాయన... రేపు తెరుస్తా, రేపు తెరుస్తా అని ఏడ్చాడు పాపం.”

కోడలూ కాపలావాడూ పరుగున లోపలికొచ్చారు. వాళ్ళిద్దరూ కలిసి అతన్ని కిందికి దించుతుంటే, ఆఫీసరు వెనకనుంచి తలుపులోకి అడుగుపెట్టాడు. బూట్లు మెట్టు మీద విడిచి మరీ వచ్చాడు. తొట్లు చూశాడు, అటక చూశాడు, చాప చూశాడు. కాగితం తీసి గోడకి ఆనించి రాయడం మొదలెట్టాడు. జేబులో ఫోను మళ్ళీ మోగింది. వీధి మొదట్లో ఇంకో జీపు హారను గట్టిగా కొట్టింది.

“ఎవరొస్తున్నారు?” అన్నాడు లక్కాయన.

“కొత్త నాయకులు ఈ దుకాణం లైసెన్సు ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో వాళ్ళు,” అన్నాడు ఆఫీసరు, రాస్తూనే. “నీ పేరు చివర్లో రాస్తున్నాను. మొదట నాది.”

లక్కాయన రెండు చేతులూ ముందుకు చాపి, సంకెళ్ళ కోసం సిద్ధంగా, సందులోకి వచ్చాడు. గోడకి ఒదిగి రొట్టెలమ్మ నిలబడి ఉంది. కొడుకుని మోసుకుపోతున్న వైపు ఒకసారి చూసింది, తర్వాత ఈయన మొహంలోకి తేరిపార చూసింది.

“నువ్వేగా, ఆ రోజు లక్క పోసింది?”

“నేనేనమ్మా.”

“తర్వాత చూస్తానన్నావు.”

ఆయన చాచిన చేతులు దించేశాడు.

రొట్టెలమ్మ కుండ మీద ముడి విప్పి, తడిగుడ్డ పక్కకి తీసింది. “మా చెల్లెలింట్లో పిడికెడు మిగిలితే మళ్ళీ మొదలెట్టాను. రా, చూడు.”

వీధిలో జీపు తలుపులు దబదబా పడ్డాయి, బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. లక్కాయన వంగి కుండలోకి చూశాడు. తెల్లటి పిండి నిండుగా ఉబ్బి ఉంది. మధ్యలో ఒక బుడగ నెమ్మదిగా లేచి, ఆయన చూస్తుండగానే పగిలింది.

“చూశావా?”

“చూశానమ్మా.”

“సరే,” అని ఆమె గుడ్డ మళ్ళీ కప్పి ముడేసుకుంది.